మోడు కింద వేరు

(ఖమ్మంలో జరిగిన మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాస పాఠం)

మాస్టారి ఇంటివాళ్లు, ఆయన దగ్గర చదువుకుని ఇవాళ చీకటితోనే బస్సెక్కి చర్ల నుంచి, దుమ్ముగూడెం నుంచి, బూర్గంపాడు నుంచి ఖమ్మం చేరిన పాత విద్యార్థులు ఈ సభలో ఉన్నారు. ఆయన్ని మనం ఎన్నడూ పేరుపెట్టి పిలవలేదు. భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఆ పది పదిహేను ఊళ్లలో మాస్టారు అంటే ఆయనొక్కరే. ఇవాళా నేను అలాగే అంటాను.

ఏ విషయం మీద మాట్లాడతారని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు వెతుక్కునే పని లేకపోయింది. విషయం మాస్టారే ఇచ్చి వెళ్లారు. పలక మీద రాసి ఇచ్చారు.

నాలుక క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి సగం నాలుక తీసేశాక ఆయనకు మాట పోయింది. ముప్పై ఎనిమిదేళ్లు మాట మీదే బతికిన మనిషి. రాసుకోవడానికి నోటుపుస్తకం, కలం తెచ్చిస్తే పక్కన పెట్టేసి, సైగ చేసి పలకా బలపం తెప్పించుకున్నారు. తర్వాత ముప్పై దఫాలు రేడియేషన్. మన ఊళ్ల మాటలో చెప్పాలంటే కరెంటు పెట్టించుకున్నారు. నోరంతా పొక్కింది, ఉమ్మి ఎండిపోయింది, అన్నం బదులు గంజి గొట్టంలో పోశారు. అన్నీ ఓర్చుకున్నారు. ఏడాది బాగానే గడిచింది. పద్నాలుగో నెలలో దవడ కింద చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. తిరగబెట్టింది.

నేను రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూసి, ఇది ఫలానా అని చెప్పే డాక్టర్ని. ఆయన గడ్డలోంచి సూదితో తీసిన నీటిచుక్కను అద్దం మీద పరిచి చూసింది నేనే. ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చున్నాను. ఆయన పలక తీసుకుని, గుండ్రటి చేతిరాతతో రాశారు: ‘కోశారు. కాల్చారు. మళ్లీ ఎక్కణ్ణుంచి వచ్చింది?’

కొన్ని కణాలు మిగిలిపోతాయి మాస్టారూ అన్నాను. అరచేత్తో తుడిచి మళ్లీ రాశారు: ‘అవే ఎందుకు మిగులుతాయి?’

నాకు ఇంకో మాట తోచలేదు. తునికి వేరు మాస్టారూ, అన్నాను. చాలాసేపు నా మొహంలోకి చూశారు. తర్వాత నెమ్మదిగా మూడో ప్రశ్న రాశారు: ‘పిలక వెయ్యమని వేరుకు చెప్పేదెవరు?’

ఆ ప్రశ్నకు ఆ సాయంత్రం చాలలేదు. మిగిలిన సాయంత్రాలు నొప్పితోనే సరిపోయాయి. ఇవాళ మీ ముందు నిలబడింది ఆ మూడో ప్రశ్నకు జవాబు చెప్పడానికే.

తునికి సంగతి ఈ సభలో సగం మందికి నేను చెప్పక్కర్లేదు. ఖమ్మం పట్నంలో పుట్టి పెరిగిన పిల్లల కోసం చెబుతాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అడవిలో తునికి పొదల్ని నేలకు ఆనించి కొట్టేస్తారు. కొమ్మ కొట్టడం అంటారు. కొట్టకుండా వదిలేస్తే పాత కొమ్మకు వచ్చే ఆకు ముదిరి, పొక్కులు కట్టి, బీడీకి పనికిరాదు. కొడితే నలభై, నలభై అయిదు రోజుల్లో మోడు చుట్టూ కొత్త పిలకలు లేస్తాయి. ముందు రాగిరంగు, ఆ తర్వాత లేతాకుపచ్చ, అప్పుడు పలచటి తోలులాంటి ఆకు. ఏప్రిల్ ఆఖరు నుంచి కోత. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవిలోకి వెళ్లి, ఎండ ముదిరేసరికి మూటలతో వచ్చి, వాకిట్లో కూర్చుని యాభై ఆకులకొక కట్ట కడతారు. సాయంత్రం ఆకు కొనే కల్లానికి మోస్తారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా. ఎండాకాలం ఆ కొన్ని వారాల డబ్బుతోనే చాలా ఇళ్లలో విత్తనాలు, బడి పుస్తకాలు, పెళ్లి బట్టలు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మాస్టారు మమ్మల్ని బడి వెనక ఉన్న తుప్పల్లోకి తీసుకెళ్లారు. ఒక మోడు దగ్గర గునపంతో తవ్వమన్నారు. బొటనవేలంత లావు వేరు, పైన నల్లటి తోలు, గోటితో గీకితే లోపల పసుపు. అది తిన్నగా కిందికి దిగుతుందనుకున్నాం. అడ్డంగా తిరిగింది. తవ్వుకుంటూ పోతే రెండు బారల అవతల ఇంకో పొద కిందికి చేరింది. ‘ఇవి రెండు చెట్లు కావు, ఒకటే చెట్టు. మీరు చూసేది దాని జుట్టు మాత్రమే’ అన్నారాయన. జుట్టు కత్తిరిస్తే ఒత్తుగా వస్తుందన్న మాట ఆ రోజు నాకు మొదటిసారి ఒక చెట్టు విషయంలో నిజమనిపించింది.

ఆ ఆకులోనే పొగాకు చుట్టి మాస్టారు రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చేవారు. ఆ మాట దాచి ఆయన గురించి మాట్లాడలేను. ఈ అడవి ఆకు నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు వెళ్లి, అక్కడ ఆడవాళ్ల చేతుల్లో బీడీ అయి, తిరిగి ఈ ఊళ్ల కిళ్లీ బడ్డీలకే వస్తుంది. దేశం మొత్తం మీద పొగ తాగే అలవాట్లపై 2016-17లో జరిగిన సర్వేలో సిగరెట్టు తాగేవాళ్లు నూటికి 4 మంది అయితే బీడీ తాగేవాళ్లు దాదాపు 8 మంది. మన దేశంలో మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం నోటి క్యాన్సర్‌ది. ప్రపంచంలో నోటి క్యాన్సర్ కొత్తగా బయటపడే ప్రతి ముగ్గురిలో ఒకరు భారతీయులు.

ఇక ప్రశ్న దగ్గరికి వస్తాను. తిరగబెట్టడం అన్నది క్యాన్సర్ మందు పుట్టిన రోజు నుంచీ దాని వెంటే ఉంది. ఆ మందు పుట్టుకలో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో పనిచేసి, చివరికి లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనకు పెద్ద అయ్యారు. రక్తకణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఆయన బృందం దాన్ని తయారుచేసింది. ఆ తర్వాత చూడ్డానికి అచ్చం దానిలాగే ఉండి, కణాన్ని మోసపుచ్చి పెరుగుదల ఆపే నకిలీలను కూడా తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. బోస్టన్‌లో పిల్లల ఆస్పత్రి డాక్టరు సిడ్నీ ఫార్బర్ దాన్ని 1947 చివర్లో రక్త క్యాన్సర్‌తో చావుకు దగ్గరైన పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో అచ్చయిన ఆయన వ్యాసంలో 16 మంది పిల్లల లెక్క ఉంది. 10 మందికి గుణం కనిపించింది. మంచం పట్టిన పిల్లలు లేచి ఆడుకున్నారు. అంతకుముందు ఏ మందుకూ అది సాధ్యం కాలేదు.

కానీ ఆ గుణం నిలవలేదు. నెలల్లోనే జబ్బు మళ్లీ వచ్చింది. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే, 53 ఏళ్లకే పోయారు. మందు పనిచేస్తుందని చూశారు కానీ, జబ్బు ఎందుకు తిరగబెడుతోందన్న ప్రశ్నతో కుస్తీ పట్టే వ్యవధి ఆయనకు దక్కలేదు. ఆ ప్రశ్న ఇంకో 46 ఏళ్లు దాదాపు అక్కడే ఉండిపోయింది.

1994లో టొరంటోలో జాన్ డిక్ బృందం రక్త క్యాన్సర్ రోగుల కణాల్ని రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లోకి ఎక్కించింది. అన్ని కణాలూ క్యాన్సర్ కణాలే కదా, ఏది వేసినా మొలవాలి. మొలవలేదు. సుమారు రెండున్నర లక్షల కణాల్లో ఒక్కదానికే కొత్తగా జబ్బు పుట్టించే శక్తి ఉంది. 2003లో మిషిగన్‌లో మైఖేల్ క్లార్క్ బృందం రొమ్ము క్యాన్సర్‌లో ఇదే చూపించింది. ఒక రకం కణాలు పదుల వేలు వేసినా ఎలుకలో గడ్డ రాలేదు, ఇంకో రకానివి నూరు వేస్తే వచ్చింది. 2007లో నోరు, గొంతు క్యాన్సర్లలో కూడా అలాంటి కణాలున్నాయని తేలింది. వాటి ఒంటి మీద సీడీ44 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంటుంది.

వీటినే క్యాన్సర్ మూలకణాలు అంటున్నాం. మన ఒంట్లో మామూలు మూలకణాలు కూడా ఉన్నాయి. చర్మం అడుగున, ఎముక మజ్జలో, పేగు మడతల్లో ఉండి, అవి రెండుగా చీలినప్పుడు ఒకటి తనలాగే ఉండిపోతుంది, రెండోది పెద్దదై పని నేర్చుకుని, కొన్నాళ్లు పనిచేసి రాలిపోతుంది. చిగురూ ఆకూ లాగ. క్యాన్సర్ మూలకణం ఇదే పద్ధతిని దొంగిలించింది. అది మెల్లగా చీలుతుంది. కీమో మందులు ఎక్కువగా వేగంగా చీలే కణాల్నే చంపుతాయి కాబట్టి దీన్ని దాటిపోతాయి. లోపలికి వచ్చిన మందును బయటికి తోడిపోసే పంపులు దీనికి ఎక్కువ. రేడియేషన్‌తో తెగిన డీఎన్‌ఏను అతుక్కునే నేర్పు ఎక్కువ. మాస్టారి రెండో ప్రశ్నకు జవాబు ఇది. కోత, కాల్పు, మందు, ఏదైనా తీసేది జుట్టునే.

మరి వేరుకు చెప్పేదెవరు?

దీనికి జవాబు క్యాన్సర్ ఆస్పత్రిలో దొరకలేదు. మట్టిలో బతికే ఒక పురుగులో దొరికింది. ఒక మిల్లీమీటరు పొడుగు, గాజులాంటి ఒళ్లు. పెద్దదయ్యేసరికి బీజకణాలు కాక దాని ఒంట్లో సరిగ్గా 959 కణాలు, ఒకటి ఎక్కువా కాదు తక్కువా కాదు. ఏ కణం ఏ గంటలో ఏమవుతుందో శాస్త్రజ్ఞులు ఒక్కొక్కటీ లెక్కగట్టి పెట్టారు. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అనే ఇద్దరు ఈ పురుగుల్లో పెద్దవడం రానివాటిని చూశారు. లిన్-4 అనే జన్యువు చెడిపోతే పురుగు చిన్నతనంలో చేయాల్సిన పనుల్నే మళ్లీ మళ్లీ చేస్తుంది. మొదటి తరగతి పుస్తకమే ఏటా చదివే పిల్లవాడిలాగ. ఆ జన్యువు ఏ ప్రొటీన్ తయారుచేస్తుందా అని ఆంబ్రోస్ ఏళ్ల తరబడి వెతికారు. ఏ ప్రొటీనూ లేదు. కేవలం 22 అక్షరాల ఒక ఆర్‌ఎన్‌ఏ ముక్క. 1993లో ఇద్దరి వ్యాసాలూ ఒకే పత్రికలో పక్కపక్కన వచ్చాయి. పురుగులో ఏదో వింత అని లోకం పట్టించుకోలేదు. 2000లో రవ్‌కున్ బృందం రెండోదాన్ని కనిపెట్టింది. పేరు లెట్-7. దాన్ని మనిషిలో వెతికితే అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది. అప్పుడు లోకం తిరిగి చూసింది. 2024లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి ఇచ్చారు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే ఇలాంటి చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కే. అది పనిచేసే తీరు చెబుతాను. కల్లం దగ్గర కల్లేదారు చిట్టీ రాసిస్తాడు కదా, ఇన్ని కట్టలకు ఇంత అని. ఆ చిట్టీ పట్టుకెళ్తేనే డబ్బు. కణంలో కూడా అంతే. డీఎన్‌ఏ నడుమ గదిలోంచి కదలదు. ఏ ప్రొటీన్ కావాలో చిట్టీ రాసి బయటికి పంపుతుంది. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అంటే ఆ చిట్టీ. మైక్రో ఆర్‌ఎన్‌ఏ ముందు పొడుగాటి దారంలా పుడుతుంది. దాన్ని గదిలోపల డ్రోషా, గది బయట డైసర్ అనే ఎంజైములు కత్తిరించి 22 అక్షరాలకు తెస్తాయి. అప్పుడది ఆర్గొనాట్ అనే ప్రొటీన్ ఒళ్లో కూర్చుని వచ్చే పోయే చిట్టీల తోకలు చూస్తుంది. ఏడు అక్షరాలు కలిస్తే చాలు, పట్టేస్తుంది. పట్టిన చిట్టీని చదవనివ్వదు, కాసేపటికి చించేస్తుంది. ఏడక్షరాలే కాబట్టి ఒక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందల చిట్టీల్ని ఆపగలదు. మనిషిలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి.

లెట్-7 పురుగులో చేసే పని ‘ఇక పెద్దవాడివయ్యావు, చీలడం ఆపు’ అని చర్మకణాలకు చెప్పడం. అది లేని పురుగులో ఆ కణాలు చీలుతూనే ఉంటాయి. చివరికి పురుగు పగిలి చచ్చిపోతుంది. ఆ పేరు పెట్టింది కూడా ప్రాణం తీస్తుందనే. మన ఒంట్లో కూడా పిండంగా ఉన్నప్పుడు లెట్-7 తక్కువ, కణాలు పెద్దవుతున్నకొద్దీ ఎక్కువ. మాస్టారూ, వేరును పిలక వేయకుండా ఆపి ఉంచేది ఇదీ, దీని తోటివి కొన్నీ. చెప్పేవాళ్లు ఎవరో వచ్చి చెప్పడం కాదు. వద్దని చెప్పేవాళ్లు పోవడమే.

ఇక్కడ ఇంకో తెలుగాయన వస్తారు. ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి 1982లో మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోని రాస్ జన్యువును చదివారు. మామూలు జన్యువుకూ క్యాన్సర్ జన్యువుకూ తేడా ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరంతో 12వ స్థానంలో గ్లైసిన్ పోయి వేలిన్ వస్తుంది, ‘చీలు’ అనే మీట నొక్కినచోటే బిగుసుకుపోతుంది. మనిషి క్యాన్సర్‌లో ఒక అక్షరదోషం ఇంత పని చేస్తుందని మొదట చూపినవాళ్లలో ఆయన ఒకరు. ఆ మాట నా విద్యార్థులకు చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. 2005లో తేలిందేమిటంటే, రాస్ చిట్టీ తోకలో లెట్-7 పట్టుకునే చోట్లు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. అంటే మన ఒంట్లో రాస్‌కు కాపలా లెట్-7.

2007లో చైనాలోని గువాంగ్‌జౌ నగరంలో సాంగ్ ఎర్వే బృందం మూలకణాలు, లెట్-7 అనే ఈ రెండు దారాల్నీ ముడివేసింది. వాళ్లు రొమ్ము క్యాన్సర్ రోగుల గడ్డల్లోంచి మూలకణాల్ని వేరుచేశారు. కీమో చేయించుకున్న వాళ్ల గడ్డల్లో వాటి పాలు చాలా ఎక్కువ. మందు ఆకుల్ని చంపి వేళ్లను మిగిల్చింది మరి. ఆ మూలకణాల్లో లెట్-7 దాదాపు లేదు. తిరిగి ఎక్కించి చూశారు. కణాలు తమలాంటివాటిని పుట్టించుకోవడం తగ్గించాయి, పెద్దవడం మొదలుపెట్టాయి, ఎలుకల్లో గడ్డ కట్టే శక్తి పోగొట్టుకున్నాయి. లోపల ఏం జరిగిందని విప్పిచూస్తే రెండు మీటలు. హెచ్-రాస్ ఆపితే తనలాంటివాటిని పుట్టించుకోవడం ఆగింది. హెచ్‌ఎమ్‌జీఏ2 అనేదాన్ని ఆపితే పెద్దవడం మొదలైంది. ఆ హెచ్-రాస్, ప్రేమ్‌కుమార్ రెడ్డి చదివిన జన్యువే.

మిగతావి త్వరగా చెబుతాను. మూలకణాన్ని మూలకణంగా ఉంచే బీఎమ్‌ఐ1 చిట్టీని మిర్-200సి అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఆపుతుంది, 2009లో తేలింది. సీడీ44 చిట్టీని మిర్-34ఎ అనే ఇంకొకటి నేరుగా పట్టుకుంటుంది, 2011లో ప్రోస్టేట్ క్యాన్సర్‌లో చూపించారు. వక్కా తమలపాకూ నమిలే తైవాన్ దేశంలో, అక్కడి డాక్టర్లు నోరు, గొంతు క్యాన్సర్ మూలకణాల్లో లెట్-7ఎ, మిర్-200సి రెండూ తగ్గి ఉన్నాయని చూశారు. మాస్టారి నాలుకలో ఏవి తగ్గాయో నేను కొలవలేదు. కొలిచే పరికరం ఆ రోజు నా దగ్గర లేదు.

ఒక ప్రయోగం దగ్గర మాత్రం ఆగాలి. అది మన ఊళ్లకు చెందినదని నా నమ్మకం. 2009లో హార్వర్డ్‌లో కెవిన్ స్ట్రూల్ బృందం క్యాన్సర్ లేని రొమ్ము కణాలకు కొద్దిసేపు ఒక సంకేతం ఇచ్చి తీసేసింది. సంకేతం పోయినా కణాలు క్యాన్సర్ వైపు వెళ్లిపోయాయి, తర్వాత ఎన్ని తరాలు చీలినా వెనక్కి రాలేదు. ఎందుకంటే ఆ సంకేతం వాపును రేపింది. వాపు లిన్28 అనేదాన్ని లేపింది. లిన్28 పని లెట్-7ను తయారవకుండా ఆపడం. లెట్-7 తగ్గేసరికి ఐఎల్-6 అనే వాపు రసాయనం పెరిగింది. ఆ ఐఎల్-6 మళ్లీ వాపును రేపింది. గానుగెద్దులా అదే తిరుగుతుంది. డీఎన్‌ఏలో అక్షరం మారకుండానే కణానికి జ్ఞాపకం ఏర్పడింది. ఇది గాజుపళ్లెంలోని రొమ్ము కణాల సంగతి, నోటికి అచ్చంగా ఇదే అని నేను అనను. కానీ నోటిలో రోజూ వాపు రేపే పని మనవాళ్లు ఎంతకాలంగా చేస్తున్నారో చూడండి. శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్లు చుట్టను నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్, బొంబాయి నుంచి మెహతా, గుప్తా, ఇంకొందరు కలిసి అక్కడి 10,169 మంది అంగిళ్లు చూసి 1971లో వ్యాసం రాశారు. నిప్పు తగిలే అంగిలి తెల్లబారి, అక్కడక్కడ ఎర్రబారి, కొందరిలో క్యాన్సర్ అయింది. ఒక్కరోజులో అయింది కాదు. ఏళ్ల తరబడి రేగిన వాపు.

ఇన్ని తెలిశాక మందు ఏదీ అని మీరు అడుగుతారు. మిర్-34ఎను కొవ్వు బుడగల్లో పెట్టి రక్తంలోకి ఎక్కించే మొదటి పరీక్ష 2013లో అమెరికాలో మొదలైంది. నాలాంటి వాళ్లందరం ఆశగా చూశాం. కొందరికి గడ్డ తగ్గింది కూడా. కానీ రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి నలుగురు చనిపోయారు. 2016లో ఆపేశారు. వేరును ఆపే మాట మనకు తెలుసు. దాన్ని ఆ వేరు ఒక్కదానికే వినిపించేలా చెప్పడం ఇంకా రాలేదు. ఆ నలుగురి పేర్లు నాకు తెలియవు, కానీ ఈ విషయం చెప్పినప్పుడల్లా వాళ్లను తలచుకుంటాను.

ఇంకొక మాట దాచకుండా చెప్పాలి. తునికి పోలిక ఒకచోట తెగిపోతుంది. తునికి ఆకు వేరు కాలేదు. క్యాన్సర్‌లో ఆకు కూడా వేరు కాగలదు. పెద్దదైన కణం వెనక్కి నడిచి మూలకణం అవడాన్ని 2011లో వైన్‌బర్గ్ బృందం చూపించింది. వేళ్లన్నీ పెకలించినా చాలదు, కొత్త వేరు పుట్టకుండా చూడాలి. మాస్టారికి నేను ఆ సాయంత్రం ఇచ్చిన జవాబు సగం జవాబే.

ఆయనకు చివర్లో ఇచ్చింది వారానికోసారి మింగే మెథోట్రెక్సేట్ మాత్రలు, వాపు తగ్గించే సెలెకాక్సిబ్ మాత్రలు. మెథోట్రెక్సేట్ అంటే సుబ్బారావు బృందం చేసిన ఆ నకిలీ ఫోలిక్ ఆమ్లానికి చెల్లెలు, అదే లెడర్లీలో పుట్టింది. ముంబయి టాటా ఆస్పత్రి డాక్టర్లు 422 మంది మీద పరీక్షించి 2020లో చెప్పారు: తిరగబెట్టిన నోరు, గొంతు క్యాన్సర్‌లో సీసాతో ఎక్కించే సిస్‌ప్లాటిన్ కంటే ఈ చవక మాత్రలతోనే రోగులు కొంచెం ఎక్కువ కాలం బతికారు. 6.1 నెలలకు 7.5 నెలలు. అంకె చిన్నదే. కానీ ఆ నెలలు ఆయన హైదరాబాద్ వార్డులో కాక సొంత వాకిట్లో వేపచెట్టు కింద ఉన్నారు. మనవరాలికి ఎక్కాలు పలక మీద దిద్దించారు. ప్రతి ఆదివారం రాత్రి మాత్ర చేతిలో పెట్టుకుని ఒకసారి చూసి వేసుకునేవారని వాళ్లమ్మాయి చెప్పింది. దాని వెనక ఎవరున్నారో నేను ఆయనకు చెప్పాను.

నాకు మిగిలిన బాధ ఒకటే. ఆయన నాలుక పక్కన మొదట పుండు లేచినప్పుడు నాలుగు నెలలు పూతమందుతో, బీకాంప్లెక్స్ మాత్రలతో గడిచిపోయాయి. చూసినవాళ్లలో ఒక్కరు కూడా ఆ అంచును వేలితో నొక్కలేదు. మామూలు నోటిపూత అంచు మెత్తగా ఉంటుంది, పది పదిహేను రోజుల్లో మానుతుంది. క్యాన్సర్ పుండు అంచు రబ్బరులా, కొన్నిసార్లు గవ్వలా గట్టిగా తగులుతుంది. దానికి మైక్రోస్కోప్ అక్కర్లేదు. చూపుడువేలు చాలు. 2009లో లాస్ ఏంజెలెస్‌లో నోటి క్యాన్సర్ రోగుల ఉమ్మిలో మిర్-125ఎ, మిర్-200ఎ తగ్గి ఉన్నాయని చూశారు. ఉమ్మి చుక్కతో ముందే పట్టుకునే రోజు వస్తుందని నేను నమ్ముతున్నాను. అది చర్ల సంతలో ఒక బల్ల మీద జరగాలని కోరుకుంటున్నాను. అంతదాకా చూపుడువేలే.

పన్నెండు రోజుల క్రితం మాస్టారి ఊరి పక్క కల్లానికి వెళ్లాను. సాయంత్రం, ఆకు పరిచే వేళ. అరవై దాటిన ఒక కోయ అవ్వ కట్ట విప్పకుండానే బొటనవేలితో అంచు మీద గీసి ఆకులు లెక్కపెడుతోంది. నలభై ఎనిమిది, అంది. ఒళ్లో మిగిలిన వాటిలోంచి రెండు తీసి దూర్చింది. ఇంకో ఆకులో పొగాకు చుట్టి చెవి వెనక పెట్టుకుంది. నోరు తెరవమ్మా అంటే సిగ్గుపడి నవ్వింది. సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. ఎడమ దవడ లోపల రూపాయి బిళ్లంత తెల్లమచ్చ, గుడ్డతో తుడిస్తే పోలేదు. మధ్యలో ఎర్రటి చుక్కలు. వేలు పెట్టి అంచు నొక్కాను. మెత్తగానే ఉంది.

ముక్క తీసి చూడాలి అవ్వా, రేపు భద్రాచలం రా అన్నాను. ‘సీజన్ పోతది బిడ్డా’ అంది. ఇంకెన్నాళ్లుందని అడిగితే నాలుగు రోజులంది. అయిదో రోజు పొద్దున్నే మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. మత్తు సూది వేసేటప్పుడు నా చెయ్యి పట్టుకుని అడిగింది, ‘కోస్తే మళ్ల రాదు కదా?’

ఆ ముక్క గోదావరి వంతెన దాటి నా సంచిలో వచ్చింది. ఇప్పుడు మా ల్యాబ్‌లో మైనం దిమ్మలో ఉంది. సోమవారం పొద్దున పలచగా కోసి, రంగు వేసి, అద్దం మీద పెడతాను.